చదవకుండా నొక్కకండి!

వర్డు ఫైళ్లలో వచ్చే మ్యాక్రో హెచ్చరికలను గూర్చి కుటుంబములు తెలుసుకోవలసిన సంగతులు



సూళ్లూరుపేట అనగానే చాలమందికి శ్రీహరికోట జ్ఞాపకము వస్తుంది. 1971 నుండి ఆ తీరమున రాకెట్లు ఎగురుతున్నవి. అక్కడికి రైలులో వచ్చేవారికి ఈ ఊరే గుమ్మము. అయితే ఊరిలోను, చుట్టుపట్ల పల్లెలలోను ఉన్న సామాన్య కుటుంబములకు కంప్యూటరుతో ఉన్న పని రాకెట్టు పని కాదు. పింఛను దరఖాస్తు, పిల్లల బయోడేటా, పొలము కాగితముల నకలు, పెండ్లి పత్రిక, పొదుపు సంఘము లెక్కలు, సంఘ సభ్యుల జాబితా – ఇవే మన పనులు. ఇంటిలో కంప్యూటరు ఉన్నవారు ఇంటిలోనే చేసుకుంటారు. లేనివారు బజారులోని జిరాక్సు అంగడికో, డి.టి.పి. సెంటరుకో వెళ్తారు.

ఈ పనులలో చాలవాటికి వాడేది మైక్రోసాఫ్టు వర్డు, ఎక్సెల్ అను ప్రోగ్రాములు. ఎవరో పంపిన ఫైలును తెరవగానే ఒక్కొక్కసారి పైభాగమున ఒక పసుపు పట్టీ గాని, ఎర్ర పట్టీ గాని కనబడుతుంది. అందులో ఇంగ్లీషులో రెండు ముక్కలు, పక్కన ఒక బొత్తాము ఉంటాయి. మనలో చాలమంది దానిని చదవరు. పని తొందరలో బొత్తామును నొక్కివేస్తారు. లేదా ఈ గోల మరల రాకుండా చేయుమని తెలిసిన కుర్రవానికి చెప్తారు. ఆ పట్టీ ఏమి అడుగుచున్నదో, దానికి ఏమి జవాబు చెప్పవలెనో ఈ వ్యాసములో చూద్దాము. తప్పు జవాబు చెప్తే ఇంటిలోని ఫోటోలు, లెక్కలు, బ్యాంకు వివరములు అన్నియు ఒక్క గంటలో చేజారిపోవచ్చు గనుక ఇది చిన్న సంగతి కాదు.

మ్యాక్రో అంటే ఏమిటి?

ఒక పని పదే పదే చేయవలసి వచ్చినప్పుడు ఆ పని మెట్లన్నిటిని ఒకసారి వ్రాసి పెట్టుకొని, ఒక్క మీట నొక్కి నడిపించుకొనుటకు వర్డులో ఒక ఏర్పాటు ఉన్నది. అట్లు వ్రాసి పెట్టిన ఆజ్ఞల వరుసనే మ్యాక్రో అంటారు. ఉదాహరణకు రెండు వందల పేర్ల జాబితాలో ప్రతి ఇంటిపేరును లావు అక్షరములలో పెట్టి, తేదీలను ఒకే తీరుగా మార్చవలెననుకొనండి. చేతితో చేస్తే సాయంత్రము వరకు పడుతుంది. మ్యాక్రోతో క్షణములలో అయిపోతుంది. తొంభైలలో పాత తెలుగు ఫాంట్లతో కంపోజు చేసిన వ్యాసములను నేటి యూనికోడు అక్షరములలోనికి మార్చుటకు కూడ ఇట్టి మ్యాక్రోలు పనికివస్తాయి. గనుక మ్యాక్రో దానంతట అది చెడ్డది కాదు.

ఇంటి పెద్దమ్మ కిరాణా అంగడికి పంపే చీటీని తలంచండి. "కిలో కందిపప్పు, అర కిలో బెల్లము" అని చీటీలో ఉంటే అంగడివాడు అదే కట్టి ఇస్తాడు. వ్రాసినది ఎవరని ప్రతిసారి అడగడు. ఆ చీటీలో మధ్య ఎవరో ఒకరు "పాత బాకీ క్రింద మరి ఐదు వేలు మా లెక్కలో వ్రాసి ఈ మనిషి చేతికి ఇవ్వండి" అని ఒక వాక్యము చేర్చితే? అంగడివాడు అదియు చేస్తాడు. మ్యాక్రో విషయములోను ఇంతే. కంప్యూటరు ముందు కూర్చున్న మనకు ఏ అధికారము ఉన్నదో ఆ అధికారమంతా మ్యాక్రోకు వస్తుంది. అది ఫైళ్లను తుడిచివేయగలదు, మన పేరున ఉత్తరములు పంపగలదు, ఇంటర్నెట్టు నుండి మరొక దొంగ ప్రోగ్రామును దింపుకొనగలదు. పైగా ఫైలు తెరవగానే తనంతట తాను నడిచేటట్లు మ్యాక్రోను వ్రాయవచ్చు. పైకి కనబడేది ఒక దరఖాస్తు మాత్రమే. లోపల ఉన్న చీటీ కంటికి కనబడదు.

హెచ్చరిక ఎందుకు పుట్టినది?

1995కు ముందు ఉత్తరములో, వ్యాసములో వైరసు ఉండదని అందరు నమ్మేవారు. వైరసులు ప్రోగ్రాములలోను, ఫ్లాపీలలోను మాత్రమే వస్తాయనుకొనేవారు. ఆ సంవత్సరము "కాన్సెప్ట్" అను మ్యాక్రో వైరసు బయటపడి ఆ నమ్మకమును తీసివేసినది. అది చేసిన హాని స్వల్పమే. ఒక చిన్న పెట్టెలో "1" అను అంకెను చూపేది. అయితే వర్డులో ప్రతి క్రొత్త కాగితమునకు మూసగా ఉండే ఫైలులో అది చేరి కూర్చునేది. ఆ తరువాత ఆ కంప్యూటరులో దాచిన కాగితములకు అంటుకునేది. గమనించదగిన సంగతి ఏమనగా, మైక్రోసాఫ్టు కంపెనీ స్వయముగా పంచిన ఒక సి.డి.లోనే ఆ వైరసు ఉన్న ఫైలు వెళ్లినది. పంపినవారు మంచివారైనంత మాత్రమున పంపిన ఫైలు మంచిది కానక్కరలేదని ఆనాడే తెలిసినది. మరుసటి సంవత్సరము "లారూ" అను వైరసు ఎక్సెల్ లెక్కలలోనికి ప్రవేశించినది.

వర్డు 97లో మ్యాక్రో ఉన్న ఫైలు తెరవబోతే ఒక పెట్టె తెర మీదికి వచ్చేది. "ఇందులో మ్యాక్రోలు ఉన్నవి, కొన్నిటిలో వైరసు ఉండవచ్చును" అని చెప్పి మూడు దారులు చూపేది: మ్యాక్రోలను ఆపి తెరువుము, నడవనిచ్చి తెరువుము, అసలు తెరవవద్దు. ఆ పెట్టె అడుగున ఒక టిక్కు గుర్తు ఉండేది. దానిని తీసివేస్తే ఆ ప్రశ్న ఇక ఎన్నడును రాదు. విసుగుతో ఆ టిక్కు తీసివేసినవారి కంప్యూటర్లకు కావలివాడు లేకుండ పోయినాడు.

1999 మార్చి 26న "మెలిస్సా" వచ్చినది. ఒక వర్డు ఫైలు, దానితో పాటు "నీవు అడిగిన కాగితము ఇదిగో, మరెవరికిని చూపవద్దు" అను భావము గల చిన్న ఉత్తరము. తెరిచి మ్యాక్రోను నడవనిస్తే, అది ఆ కంప్యూటరులోని చిరునామా పుస్తకము తీసి మొదటి 50 మందికి అదే ఫైలును పంపేది. పంపినట్లు కనబడేది స్నేహితుని పేరే. పెద్ద పెద్ద కంపెనీలు కూడ తమ ఉత్తరముల యంత్రములను కొంతకాలము ఆపుకొనవలసి వచ్చినది. మెలిస్సా మరొక పని కూడ చేసేది. ఒక్కసారి లోపలికి రానిస్తే వర్డులోని మ్యాక్రో రక్షణను తానే తగ్గించివేసేది. ఇంటిలో జొరబడిన దొంగ ముందుగా కుక్క నోరు కట్టినట్లు! దానిని వ్రాసిన డేవిడ్ స్మిత్ అను అమెరికా వానికి 2002లో 20 నెలల జైలుశిక్ష పడినది.

దొంగలు మోసగించేది కంప్యూటరును కాదు, మనలను

ఆ తరువాత వచ్చిన వర్డులలో రక్షణ పెరిగినది. మ్యాక్రోలు తమంతట తాము నడవకుండ ఆగిపోయేవి. కొన్ని సంవత్సరములు ఈ రకపు వైరసులు తగ్గినవి. అయితే 2014 ప్రాంతము నుండి మరల ఎక్కువైనవి. దొంగలకు ఒక సంగతి అర్థమైనది: తలుపు పగులగొట్టుట కష్టము, లోపలివాని చేతనే గడియ తీయించుట సులభము.

2016లో వ్యాపించిన "లాకీ" అను వైరసును చూడండి. రావలసిన డబ్బుకు బిల్లు అని ఒక వర్డు ఫైలు వచ్చేది. తెరిస్తే అర్థము కాని పిచ్చి అక్షరములు. పైన మాత్రము చక్కని ఇంగ్లీషులో "అక్షరములు సరిగా కనబడకపోతే మ్యాక్రోను నడవనివ్వండి" అని ఒక సలహా. నమ్మి నొక్కినవారి ఫైళ్లన్నిటికి తాళము పడేది. తాళము తీయుటకు డబ్బు అడిగేవారు.

తెలుగువారమైన మనము ఈ మోసములో తేలికగా పడగలము. ఎందుకనగా పిచ్చి అక్షరములు మనకు క్రొత్త కాదు. ఫాంటు లేని కంప్యూటరులో పాత తెలుగు ఫైలు తెరిస్తే అట్లే కనబడుతుంది. గనుక ఈ మాట గుర్తుంచుకొనండి: అక్షరములు కనబడకపోతే కావలసినది ఫాంటు, మ్యాక్రో కాదు. ఏ కాగితమైనను తనను చదువుటకు మ్యాక్రోను నడవనివ్వుమని బ్రతిమాలుచున్నదంటే, ఆ బ్రతిమాలుటనే గట్టి అనుమానమునకు గుర్తుగా తీసుకొనండి.

"ఎమోటెట్" అనునది ఇంకొక అడుగు ముందుకు వేసినది. అది ఒకరి కంప్యూటరులో చేరి వారి పాత ఉత్తరములను దొంగిలించి, వాటికి జవాబుగా క్రొత్త ఉత్తరము పంపేది. మీరు వ్రాసిన మాటలు క్రింద ఉంటాయి, మీకు తెలిసినవారి పేరు పైన ఉంటుంది, మధ్యలో ఒక వర్డు ఫైలు ఉంటుంది. ఎవరికి అనుమానము వస్తుంది? 2021 జనవరిలో పలు దేశముల పోలీసులు కలిసి దాని యంత్రములను స్వాధీనము చేసుకొన్నారు. అయినను అదే సంవత్సరము నవంబరులో అది మరల లేచినది.

మన దేశమునకు కూడ ఇట్టివి వచ్చినవి. 2020 మార్చిలో కరోనా భయము మొదలైన దినములలో, భారత ప్రభుత్వము పేరు పెట్టుకొని ఆరోగ్య సూచనల కాగితమువలె కనబడే ఒక ఫైలు తిరిగినది. లోపల దాచిన మ్యాక్రోలు కంప్యూటరును దూరము నుండి నడిపే దొంగ ప్రోగ్రామును దింపేవి. జనులు దేనికి భయపడుచున్నారో, దేని కొరకు ఎదురుచూచుచున్నారో ఆ పేరే దొంగలు ఫైలుకు పెడతారు.

ఇక్కడ ఒక తేడా గమనించవలెను. 2017 మే నెలలో "వన్నాక్రై" అను వైరసు లోకమంతట వ్యాపించినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని జిల్లాల పోలీసు కార్యాలయముల కంప్యూటర్లు కూడ దెబ్బ తిన్నవి. అది మ్యాక్రో కాదు. విండోసులో పూడ్చని కన్నము గుండా ఎవరును ఏమియు నొక్కకుండనే ఒక యంత్రము నుండి మరొక యంత్రమునకు ప్రాకినది. అట్టి దానికి మందు విండోసు అప్‌డేట్లు సకాలమున పెట్టుకొనుట. మ్యాక్రో అయితే సామాన్యముగా మన వ్రేలి కొరకు కాచుకొని ఉంటుంది. అందుచేత దానిని ఆపుట చాలవరకు మన చేతిలోనే ఉన్నది.

నేడు కనబడే మూడు పట్టీలు

మొదటిది పసుపు పట్టీ. దాని మీద "ప్రొటెక్టెడ్ వ్యూ" అని, పక్కన "ఎనేబుల్ ఎడిటింగ్" అని ఉంటుంది. ఫైలు బయటినుండి వచ్చినది గనుక అద్దము వెనుక పెట్టి చూపుచున్నానని దాని అర్థము. చదువుటకు ఇది చాలు. మార్పులు చేయవలసిన పని లేకపోతే ఆ బొత్తాముతో మనకు పని లేదు.

రెండవది కూడ పసుపు పట్టీయే. దాని మీద "సెక్యూరిటీ వార్నింగ్" అని, మ్యాక్రోలను ఆపితిమని, పక్కన "ఎనేబుల్ కంటెంట్" అని ఉంటుంది. అసలు గడియ ఇదే. దీనిని ఒకసారి నొక్కితే ఆ ఫైలును నమ్మకమైనదిగా వర్డు గుర్తుపెట్టుకుంటుంది. ఆ కంప్యూటరులో అదే ఫైలు తెరిచినప్పుడు మరల అడగకపోవచ్చు.

మూడవది ఎర్ర పట్టీ. "సెక్యూరిటీ రిస్క్" అని ఉంటుంది. ఇందులో నడవనిచ్చే బొత్తాము ఉండదు, వివరము చదువుకొనే బొత్తాము మాత్రమే ఉంటుంది. హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల సారథ్యములోని మైక్రోసాఫ్టు ఈ ఏర్పాటును 2022 ఫిబ్రవరిలో ప్రకటించినది. ఏప్రిల్‌లో మొదలుపెట్టి, వాడేవారి అభిప్రాయములు విని జూలైలో కొద్దిదినములు ఆపి, ఆ నెలాఖరున మరల అమలులో పెట్టినది. ఇంటర్నెట్టు నుండి దిగిన ఫైలుకు విండోసు ఒక కనబడని ముద్ర వేస్తుంది. ఆ ముద్ర ఉన్న ఫైలులో మ్యాక్రో ఉంటే ఎర్ర పట్టీ వస్తుంది.

మన ఊళ్లలో గమనించవలసిన సంగతి ఇక్కడే ఉన్నది. మనము ఫైళ్లను ఎక్కువగా పెన్ డ్రైవులో తిప్పుతాము. సాధారణ పెన్ డ్రైవులలో ఆ ముద్ర నిలువదు. ఒకరి ఇంటిలో ఎర్ర పట్టీ చూపిన ఫైలు పెన్ డ్రైవు ఎక్కి డి.టి.పి. అంగడికి వచ్చేసరికి పసుపు పట్టీగా మారవచ్చు. ఫైలు మంచిది కాలేదు, ముద్ర రాలిపోయినది, అంతే. అట్లే ఆఫీసు 2007, 2010 వంటి పాత ప్రోగ్రాములు ఇంకను చాలచోట్ల వాడుకలో ఉన్నవి. వాటికి కంపెనీ మరమ్మతులు 2017లోను, 2020లోను ఆగిపోయినవి. ఎర్ర పట్టీ వాటిలో లేదు. అక్కడ కావలి మనమే.

అడుగవలసిన ప్రశ్నలు

ఇట్లు అనుకొనండి. రిటైరైన ఒక ఉపాధ్యాయుడు పెన్ డ్రైవుతో డి.టి.పి. అంగడికి వచ్చినాడు.

"అమ్మాయీ, పింఛనువాళ్లు జీవన ప్రమాణ పత్రము పంపినారు. ఒక కాపీ తీసి పెట్టమ్మా."

"మాస్టారూ, ఇది తెరిస్తే లోపల ఏమీ లేదండి. ఎనేబుల్ కంటెంట్ నొక్కితేనే కనబడుతుందని వ్రాసి ఉన్నది."

"అయితే నొక్కమ్మా, ఆలస్యమెందుకు?"

"ఒక్క నిమిషము మాస్టారూ. ఇది మీకు ఎవరు పంపినారు? మీరు అడిగితే వచ్చినదా, దానంతట అదే వచ్చినదా?"

"నేను అడగలేదమ్మా. మెయిలులో వచ్చినది."

"అయితే ఇప్పుడు నొక్కవద్దండి. మీ పింఛను ఆఫీసుకు ఫోను చేసి కనుక్కోండి. వాళ్లు అవునంటే అప్పుడు చూద్దాము."

ఆ అమ్మాయికి కంప్యూటరు శాస్త్రములో డిగ్రీ ఉండనక్కరలేదు. అడుగవలసిన ప్రశ్నలు తెలిస్తే చాలు. అవి మూడే.

ఒకటి, ఇది నేను అడిగితే వచ్చినదా? తెలిసినవారి పేరు ఉన్నంత మాత్రమున ఒప్పుకొనవద్దు. వారికి ఫోను చేసి అడగండి. అదే మెయిలుకు జవాబు వ్రాసి అడిగితే, ఆ పెట్టె దొంగ చేతిలో ఉంటే దొంగయే "అవును నేనే పంపినాను" అని వ్రాస్తాడు.

రెండు, ఈ కాగితమునకు మ్యాక్రో అవసరమా? ఉత్తరమునకు, బయోడేటాకు, పెండ్లి పత్రికకు, హాల్ టిక్కెట్టుకు మ్యాక్రోతో ఏమి పని? అవసరము లేనిచోట అది ఉన్నదంటే తెరువక మూసివేయుట మేలు.

మూడు, ఆ కాగితమే నన్ను నొక్కుమని తొందరపెట్టుచున్నదా? తొందర, బెదిరింపు, ఆశ – ఈ మూడింటిలో ఏది కనబడినను ఆగండి.

ఈ సందర్భములో ఫైలు పేరు చివరను చూచుట నేర్చుకొనండి. 2007 నుండి వర్డు ఫైళ్లు రెండు రకములు. పేరు చివర "డాక్ ఎక్స్" అని ఉన్నది తన లోపల మ్యాక్రోను ఉంచుకొనలేదు. "డాక్ ఎమ్" అని ఉన్నది ఉంచుకొనగలదు. పాత కాలపు "డాక్" మాత్రమే ఉన్నదానిలో ఉండవచ్చు, ఉండకపోవచ్చు. విండోసు ఈ చివరి అక్షరములను దాచి ఉంచుతుంది. ఫోల్డరు తెరిచి "వ్యూ" అనుచోట ఫైలు పేరు చివరలను చూపుమని టిక్కు పెడితే కనబడతాయి. అయితే "డాక్ ఎక్స్" అనగానే పూర్తిగా నిర్భయమని అనుకొనవద్దు. మ్యాక్రో లేకుండ హాని చేసే ఫైళ్లు కూడ 2022లో బయటపడినవి.

మంచి మ్యాక్రోలను ఏమి చేయవలెను?

కొందరు అడుగవచ్చు: "ప్రభుత్వమే మ్యాక్రో ఉన్న ఫైళ్లు ఇస్తున్నది కదా, వాటిని ఏమి చేయమంటారు?" న్యాయమైన ప్రశ్నే. ఆదాయపు పన్ను శాఖవారు రిటర్నులు నింపుటకు ఇచ్చే ఎక్సెల్ ఫైళ్లు, జి.ఎస్.టి. వార్షిక రిటర్ను కొరకు ఇచ్చే ఫైళ్లు మ్యాక్రోలతోనే పనిచేస్తాయి. వ్యాపారము చేసేవారు, లెక్కలు వ్రాసేవారు వాటిని నడవనివ్వక తప్పదు. నొక్కి నొక్కి అదే అలవాటై, చెడ్డ ఫైలు వచ్చినప్పుడు కూడ చేయి తనంతట తానే నొక్కే ప్రమాదము ఇందులో ఉన్నది.

ఇక్కడ పాటించవలసిన సూత్రము: మనము వెళ్లి తెచ్చుకొన్నది వేరు, మన ఇంటికి దానంతట అది వచ్చినది వేరు. శాఖవారి వెబ్‌సైటు చిరునామాను మనమే టైపు చేసి, అక్కడ నుండి మనమే దింపుకొన్న ఫైలు అయితే నడవనివ్వవచ్చు. ఎర్ర పట్టీ అడ్డము వస్తే ఆ ఫైలు మీద కుడి క్లిక్కు చేసి, "ప్రాపర్టీస్" తెరిచి, అడుగున "అన్‌బ్లాక్" అనుచోట టిక్కు పెట్టవలెను. అదే ఫైలు మెయిలులోనో, వాట్సాపులోనో ఎవరో పంపితే దానిని వాడవద్దు, మీరే వెళ్లి క్రొత్తగా దింపుకొనండి. ఫోనులో ఎవరో "నేను ఆఫీసు నుండి మాట్లాడుచున్నాను, అన్‌బ్లాక్ నొక్కండి" అంటే ఫోను పెట్టివేయండి.

అమరికలు ఎట్లు ఉండవలెను?

వర్డు తెరిచి "ఫైల్", "ఆప్షన్స్", "ట్రస్ట్ సెంటర్", "ట్రస్ట్ సెంటర్ సెట్టింగ్స్", "మ్యాక్రో సెట్టింగ్స్" అని వరుసగా వెళ్లండి. అక్కడ నాలుగు దారులు కనబడతాయి.

మొదటిది, చెప్పకుండనే అన్ని మ్యాక్రోలను ఆపుట. పిల్లలు, పెద్దలు అందరు వాడే ఇంటి కంప్యూటరుకు ఇది మంచిది.

రెండవది, ఆపి ఆ సంగతి తెలుపుట. కంపెనీవారు మామూలుగా పెట్టి ఇచ్చేది ఇదే. మ్యాక్రోతో అప్పుడప్పుడు పని ఉన్నవారికి ఇది తగినది.

మూడవది, నమ్మిన సంతకము ఉన్న మ్యాక్రోలను తప్ప మిగిలినవాటిని ఆపుట. ఆఫీసులకు ఇది అనుకూలము.

నాలుగవది, అన్నిటిని నడవనిచ్చుట. దీని పక్కన కంపెనీవారే "తగదు" అని వ్రాసినారు. ఎవరైన మీ కంప్యూటరు బాగుచేసి ఇచ్చిన తరువాత ఒకసారి ఇక్కడ చూడండి. పట్టీల గోల వద్దని ఇదే పెట్టి పోయినవారు ఉంటారు.

మీ సొంత మ్యాక్రోలు ఉంటే వాటి కొరకు ఇంటి తలుపులన్నీ తెరువనక్కరలేదు. అదే ట్రస్ట్ సెంటరులో "ట్రస్టెడ్ లొకేషన్స్" అను చోట ఒక ప్రత్యేకమైన ఫోల్డరును నమ్మిన స్థలముగా చెప్పుకొనవచ్చు. అందులో ఉన్న ఫైళ్లు అడగకుండనే నడుస్తాయి. గనుక మీరు వ్రాసుకొన్నవి తప్ప వేరేవి అందులో వేయవద్దు. ముఖ్యముగా "డౌన్‌లోడ్స్" ఫోల్డరును గాని, డెస్కుటాపును గాని నమ్మిన స్థలముగా పెట్టవద్దు. దారిన పోయేవన్నీ వచ్చి పడేది అక్కడే.

డబ్బు లేక దొంగ కాపీ వాడేవారికి ఒక మాట. లిబ్రే ఆఫీసు అను ప్రోగ్రాము ఉచితముగా దొరుకుతుంది. వర్డు ఫైళ్లను తెరుస్తుంది, తెలుగు యూనికోడును చూపుతుంది. అందులోను "టూల్స్", "ఆప్షన్స్", "సెక్యూరిటీ" క్రింద మ్యాక్రో రక్షణకు నాలుగు మెట్లు ఉన్నవి. పై రెండు మెట్లలో ఏదో ఒకటి ఉంచుకొనండి.

అనుమానపు ఫైలును ఎట్లైనను చదవవలసి వస్తే ఫోనులోని వర్డు యాప్‌లో తెరవండి. అది ఈ మ్యాక్రోలను నడపదు.

ఇప్పటికే నొక్కివేసినచో

సిగ్గుపడి దాచిపెట్టవద్దు. ముందుగా ఇంటర్నెట్టును తీసివేయండి. ఆ కంప్యూటరులోనికి మరొక పెన్ డ్రైవు పెట్టవద్దు. వేరొక ఫోను నుండి గాని, కంప్యూటరు నుండి గాని మెయిలు, బ్యాంకు రహస్యపదములను మార్చండి. తరువాత వైరసు పరీక్ష పూర్తిగా జరిపించండి. మీ పేరున ఫైళ్లు వెళ్లి ఉండవచ్చు గనుక తెలిసినవారికి ఫోను చేసి చెప్పండి. డబ్బు పోయినదని తెలిస్తే వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి. ఎంత త్వరగా చెప్తే ఆ డబ్బును మధ్యలో ఆపగలిగే అవకాశము అంత ఎక్కువ.

ఇంటిలో పిల్లవాడు నొక్కినాడని కొట్టవద్దు. కొడితే రెండవసారి చెప్పడు. చెప్పినవానిని మెచ్చుకొంటే ఇల్లంతా మేలు పొందుతుంది.

అన్నిటికంటె ముఖ్యమైనది నకలు. పెండ్లి ఫోటోలు, పొలము కాగితములు, సర్టిఫికెట్లు, సంఘ కార్యాలయములోని బాప్తిస్మ, వివాహ రిజిస్టర్లను టైపు చేసిన ఫైళ్లు – వీటికి ఒక నకలు వేరే డిస్కులో వేసి, దానిని కంప్యూటరు నుండి ఊడదీసి బీరువాలో పెట్టండి. తగిలించి ఉంచితే ఫైళ్లకు తాళము వేసే వైరసు ఆ నకలుకు కూడ తాళము వేస్తుంది. నెలకొకసారి క్రొత్తది వేస్తే చాలు.

డి.టి.పి. సెంటర్లు నడిపేవారికి ప్రత్యేకముగా ఒక మనవి. మీ కంప్యూటరులో ఊరందరి ఆధార్ నకళ్లు, ఫోటోలు, సంతకములు ఉంటాయి. ఒకరు తెచ్చిన ఫైలు వలన అందరి కాగితములు పోవచ్చు. వచ్చినవారు తొందరపెట్టినను ఆ మూడు ప్రశ్నలు అడగండి. పని అయిపోయిన తరువాత వారి కాగితములను తీసివేయుట కూడ మరువకండి.

ఈ సంచిక చదివిన తరువాత తీరిక చూచుకొని పెద్దలు పిల్లలతో కలిసి కంప్యూటరు ముందు కూర్చొనండి. పైన చెప్పిన వరుసలో మ్యాక్రో సెట్టింగ్స్ వరకు వెళ్లి ఏ దారి పెట్టి ఉన్నదో చూడండి. నాలుగవది ఉంటే వెంటనే మార్చండి. మూడు ప్రశ్నలను పిల్లల చేత ఒక కాగితము మీద వ్రాయించి తెర పక్కన అంటించండి. దీనికి పది నిమిషములు చాలు.